దెబ్బతినని చేను లెక్కలో ఎక్కడ?

మనిషికీ అడవి జంతువుకీ మధ్య ఘర్షణ మీద ఎమ్మెస్సీ జువాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ విద్యార్థులు చేసే ప్రాజెక్టులు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. అడవి అంచున ఒక మండలం, అందులో నాలుగైదు ఊళ్లు, యాభయ్యో వందో ప్రశ్నావళులు. ఎంతమంది ఏనుగు వల్ల నష్టపోయామన్నారు, ఎంతమంది అడవి పంది పేరు చెప్పారు, ఎంతమంది పరిహారం చాలదన్నారు అంటూ మూడు గుండ్రటి పై చార్టులు. చివర్లో సోలార్ ఫెన్సింగ్ పెంచాలనీ, ప్రజల్లో అవగాహన కల్పించాలనీ సిఫారసు. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ ఊరి రైతుకు అప్పటికే తెలియనిదీ ఏమీ లేదు.

లోపం విద్యార్థి శ్రద్ధలో కాదు, ఎవరి దగ్గరికి వెళ్లాడన్న దగ్గర ఉంది. ఊళ్లో దిగగానే ‘నష్టపోయినవాళ్లు ఎవరండీ’ అని అడుగుతాడు. నష్టపోయినవాళ్లను చూపిస్తారు. నష్టపోనివాళ్ల దగ్గరికి ఎవరూ తీసుకెళ్లరు, అతనూ అడగడు. దాంతో భిన్నంలో పైఅంకె మాత్రం చేతికొస్తుంది, కింద అంకె ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ఊళ్లో ఒక సీజన్లో అడవి పందులు 40 చేలు పాడుచేశాయనుకుందాం. వాటిలో 28 మొక్కజొన్న. రిపోర్టులో ‘పందుల దాడిలో 70 శాతం మొక్కజొన్న మీదే, కనుక మొక్కజొన్నంటే వాటికి మక్కువ’ అని పడిపోతుంది. కానీ ఆ ఊళ్లో అడవి పక్కన ఉన్న చేలు మొత్తం 200, అందులో 150 మొక్కజొన్నే అయితే? మొక్కజొన్న చేలల్లో దెబ్బతిన్నవి 150కి 28, అంటే 19 శాతం లోపు. మిగతా పంటల్లో 50కి 12, అంటే 24 శాతం. మక్కువ మాట తలకిందులైంది. మొదటి లెక్క నమ్మి వ్యవసాయ అధికారి రైతుతో మొక్కజొన్న మాన్పిస్తే, పంది ఆ చేలో వేసిన వేరుశనగకు వస్తుంది.

ఇది కాగితం మీది పట్టింపు కాదని చిత్తూరు జిల్లాను చూస్తే తెలుస్తుంది. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు రావడం 1980లలో మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఊళ్లు, చెరువులు, చెరకు, రాగి, మామిడి. కందకాలు తవ్వారు, సోలార్ కంచె వేశారు. 2025 మే నెలలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగులు (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందినవి) కూడా వచ్చాయి. ఉత్తరాన పార్వతీపురం మన్యం జిల్లాది ఇంకో కథ. అక్కడికి గుంపులు ఒడిశా వైపు నుంచి దిగుతాయి. 2007లో ఆ ప్రాంతంలో ఏనుగులను పట్టే ప్రయత్నంలో రెండు చనిపోయాయి కూడా. ఇన్ని చేసిన తర్వాత ఎవరైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వీటిలో దేనివల్ల పంట నష్టం తగ్గింది? జవాబు చెప్పాలంటే కంచె పడకముందు, కుంకీలు రాకముందు, అదే చేలను అదే పద్ధతిలో చూసి రాసిన లెక్క ఉండాలి. సాధారణంగా దొరికేది పరిహారం ఫైళ్లే.

పరిహారం ఫైలు మంచి పత్రమే, కానీ అది దరఖాస్తుల చరిత్ర. కౌలు రైతుకు భూమి కాగితం ఉండదు, కనుక అతని నష్టం ఫైలుకెక్కదు. పట్టా లేని పోడు సాగుదారుడిదీ అంతే. అర ఎకరంలో నాలుగు సాళ్లు పోతే పంచనామా కోసం రోజు కూలి పోగొట్టుకుని తిరగడం ఎవరికీ గిట్టదు. పరిహారం రేటు పెంచిన ఏడాది దరఖాస్తులు పెరుగుతాయి. అది చూసి ఏనుగులు పెరిగాయనుకునే ప్రమాదం ఉంది. పెద్ద రైతు, రోడ్డు పక్క చేను, ఒకే రాత్రి జరిగిన పెద్ద నష్టం ఫైళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. రోజూ కొంచెం కొంచెం తినిపోయే పంది అందులో సగం కూడా కనిపించదు.

మరి విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి? చేల జాబితా దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ (ఆన్‌లైన్ పంట నమోదు) వివరాలు, తెలంగాణలో ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) రాసే పంటల నమోదు ఉన్నాయి. అడవి హద్దు నుంచి కిలోమీటరు లోపు సర్వే నంబర్లన్నీ వరసగా రాసుకుని, చీట్లు వేసి 60 చేలు తీయాలి. రైతు పరిచయస్తుడా, రోడ్డు దగ్గరా అన్నది చూడకూడదు. ఆ 60 చేలకూ, దెబ్బ తగిలినా తగలకున్నా, వారానికోసారి వెళ్లాలి. ప్రతిసారీ పంట, దాని దశ, అడవికీ నీటికీ దూరం, నిన్న రాత్రి మంచె మీద ఎవరున్నారు, లైటుందా, కంచె ఏ రకం, పక్క చేలో ఏముంది అన్నవి రాయాలి. నష్టం గడిలో ఏమీ లేకపోతే ‘0’ రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ గడికి రెండర్థాలు: నష్టం లేదని ఒకటి, అసలు వెళ్లలేదని ఇంకొకటి. ఆరు నెలల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఆ రెంటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

తర్వాత ఎవరు తిన్నారన్నది. రైతు మాట వినాలి గానీ అక్కడితో ఆగకూడదు. మొక్కజొన్నలో పంది పడితే మొక్కలు గుంపుగా నేలకొరుగుతాయి, పొత్తులు పొట్టుతో సహా నమిలి పారేసి ఉంటాయి, మట్టి ముట్టెతో తవ్వి ఉంటుంది. మెత్తటి నేలలో గిట్టల జాడ వెనుక రెండు చిన్న గుర్తులు పడతాయి. ఏదుపంది అయితే మొక్క మొదలు దగ్గర కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. కోతి పగటిపూట వస్తుంది, పొట్టు ఒలిచి సగం తిని పడేస్తుంది. చిలకలు నిలబడిన మొక్క మీదే పొత్తు కొనను చీల్చి తింటాయి. ఈ నాలుగింటినీ కలిపి ‘అడవి జంతువులు’ అని రాసిన పట్టిక ఎందుకూ పనికిరాదు. చిలకకు కంచె పనిచేయదు, పందికి రిబ్బను పనిచేయదు.

ఏనుగు విషయంలో గుర్తించడం కష్టం కాదు, ఎన్ని వచ్చాయన్నదే కష్టం. ముందు కాలి జాడ గుండ్రంగా, వెనక కాలిది కోలగా ఉంటుంది. గట్టి తడి నేలలో పడిన ముందు కాలి జాడ చుట్టుకొలతను టేపుతో తీసి రెండుతో గుణిస్తే భుజం దగ్గర ఎత్తు సుమారుగా వస్తుంది. 120 సెంటీమీటర్లు ఉంటే 240 సెంటీమీటర్ల ఏనుగు. బురదలో జాడ జారి వెడల్పవుతుంది, అక్కడ కొలవకూడదు. ఒక రాత్రి జాడల్లో మూడు వేర్వేరు కొలతలుంటే కనీసం మూడు ఏనుగులు. ‘కనీసం’ అన్న మాట పట్టికలో ఉండాలి. లద్దెలో మామిడి టెంకలు, పనస గింజలు తేలిగ్గా కనిపిస్తాయి. మెత్తటి పంట అరిగిపోతుంది. కాబట్టి లద్దె చూసి ‘ఇది మామిడే తింటోంది’ అనడం తొందరపాటు.

నష్టం ఎంత? కంటితో చూసి ‘సగం పోయింది’ అనే అలవాటు మానాలి. మొక్కజొన్నను 60 × 20 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే ఒక్కో మొక్కకు 0.12 చదరపు మీటరు. అంటే మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవున తాడు కట్టిన చట్రంలో వంద మొక్కలు. విరిగినవి లెక్కపెడితే అదే శాతం, కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఈ చట్రాలను అడవి వైపు గట్టు నుంచి చేను లోపలికి వరసగా వేయాలి. పంది అంచు నుంచి తింటూ వస్తుంది. నడుమ వేస్తే నష్టం తక్కువగా, అంచున వేస్తే ఎక్కువగా తేలుతుంది. ఏనుగుకు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ఆఫ్రికా ఏనుగుల నిపుణుల బృందం కోసం రిచర్డ్ హోర్ 1999లో తయారుచేసిన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. పంట ముందెలా ఉంది, ఏ వయసులో ఉంది, ఎంత శాతం పోయింది అన్నవి విడివిడిగా రాస్తారు. నష్టాన్ని 5 శాతం లోపు, 10 లోపు, 20 లోపు, 50 లోపు, 80 లోపు, ఆపైన అని ఆరు మెట్లుగా విడగొడతారు. ముందే ఎండిపోయిన చేను, కోతకొచ్చిన చేను ఒకేలా తొక్కబడినా నష్టం ఒకటి కాదన్నది అందులో ఉన్న తెలివి. మన నేలకు ఒక గడి కలపాలి: డ్రిప్ పైపులు, బోరు సామాను. ఏనుగు తినకుండా తొక్కినవాటి ఖర్చు ఒక్కోసారి పంట కన్నా ఎక్కువ.

ఇదంతా చేయాలంటే పంట ఉండాలి. ఇక్కడే విశ్వవిద్యాలయం క్యాలెండరు అడ్డొస్తుంది. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు సాధారణంగా సంక్రాంతి దాటాక ఊపందుకుంటుంది. వానాకాలం మొక్కజొన్న పాలు పోసుకునేది అంతకు నెలల ముందు. వేరుశనగ అప్పటికి కల్లం దాటిపోతుంది. విద్యార్థి ఖాళీ చేలో నిలబడి ‘గత సీజన్లో ఎంత పోయిందండీ’ అని అడుగుతాడు. పరిహారం వస్తుందేమోనన్న ఆశతో ఒకరు పెంచి చెబుతారు, విసుగుతో ఇంకొకరు తోచింది చెబుతారు. ప్రశ్నావళి తప్పనిసరైతే గడిచిన వారం గురించే అడగాలి. అదీ మగవాళ్లను మాత్రమే కాదు. కాపలా రాత్రుల లెక్క, నిద్ర లేక మర్నాడు పోయిన కూలి, బడి మానిన పిల్లాడి సంగతి ఇంట్లో ఆడవాళ్లకు బాగా గుర్తుంటాయి.

అభయారణ్యం లోపల అధ్యయనానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అది వచ్చేసరికి సీజన్ అయిపోవచ్చు. అభయారణ్యం బయటి చేల మీద చేసే పనికి ఆ అనుమతి అక్కర్లేదు. అంచు ఊళ్ల పట్టా భూముల్లోనే ప్రాజెక్టు పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

పరిష్కారాలను పరీక్షించే ప్రాజెక్టులు ఇంకా అరుదు, వాటిలోనే అసలు విలువ ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని సకశేరుక చీడల (పంటను పాడుచేసే వెన్నెముక ఉన్న జీవుల) పరిశోధకులు వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం సాళ్లు వేసి పందిని ఆపే పద్ధతులను పరిశీలించారు. ఇలాంటి దాన్ని ఊళ్లో పరీక్షించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. కుసుమ వేసిన చేలో నష్టం తగ్గిందని రాస్తారు, ఆ పంది ఎటు వెళ్లిందో రాయరు. పక్క చేలో నష్టం అంతే పెరిగితే ఊరికి మిగిలింది సున్నా. అందుకే చుట్టుపక్కల నాలుగు చేలనూ అదే వారంలో కొలవాలి. సోలార్ కంచెకైతే ఇంకో చిక్కు: ముందుగా ఎక్కువ నష్టపోయినవాళ్లే కంచె వేసుకుంటారు. కంచె ఉన్న చేలనూ లేని చేలనూ నేరుగా పోలిస్తే కంచె నష్టం తెచ్చిందని కూడా తేలవచ్చు! అదే చేను ముందూ తర్వాతా చూడాలి. కంచె ఉందా లేదా అని కాదు, తీగలో ఎంత వోల్టేజి ఉందో రాయాలి. తీగలోకి కరెంటు పంపే ఎనర్జైజర్ దగ్గర కాకుండా కంచె చివర, ఫెన్స్ వోల్ట్‌మీటరుతో. కలుపు తీగను తాకితే కరెంటు నేలలోకి జారిపోతుంది. ఎండాకాలం నేల ఎండి ఎర్త్ రాడ్ పనిచేయదు. బ్యాటరీ ముసలిదైతే తెల్లవారుజామున, అంటే కావలసిన వేళకే, చతికిలపడుతుంది. ‘కంచె విఫలం’ అని రాసిన చాలాచోట్ల విఫలమైంది దాని నిర్వహణ.

ఇక కరెంటు తీగ. పందుల కోసమని లైను నుంచి నేరుగా లాగిన 230 వోల్టుల తీగకు పులులు, ఏనుగులు, పక్క చేను రైతులు బలయ్యారు. తెల్లవారకముందు గట్టు మీద నడిచే విద్యార్థి కూడా ఆ జాబితాలో చేరవచ్చు. వెలుగు రాకముందు చేలోకి అడుగు పెట్టకూడదు, వెళ్లే ముందు ఆ రైతుకు ఫోన్ చేయాలి. ఇది గైడు రాతపూర్వకంగా ఇవ్వవలసిన నియమం. తీగ కనిపిస్తే ఏం చేయాలి? వివరాలు గోప్యంగా ఉంచుతామని మాటిచ్చాం కదా అని కొందరు మౌనం వహిస్తారు. అది సరికాదు. ప్రాణాపాయం కనిపిస్తే చెబుతామన్న వాక్యం సమ్మతి పత్రంలో మొదటే ఉండాలి, రైతుకు చదివి వినిపించాలి. దానివల్ల కొన్ని చేలు చేజారతాయి. జారనివ్వండి.

ఈ పనికి మనుషులు ఎక్కడున్నారంటారా? ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏనుగులు తిరిగే నేల మీదే ఉంది. ఒక చేనుకు నడకతో కలిపి పావుగంట అనుకుంటే 60 చేలకు 15 గంటలు. ఇద్దరు పంచుకుంటే మనిషికి ఏడున్నర గంటలు, వారానికి ఒక ఆదివారం. పన్నెండు ఆదివారాల్లో ఒక పంట కాలం చాలావరకు దాటుతుంది, మనిషికి 90 గంటలు అవుతాయి. వానాకాలం 90, యాసంగి 90. వేసవి సెలవుల్లో ఒకే ఊపున పూర్తిచేయించే గంటలను ఇలా చేను ఉన్న వారాల్లోకి జరపాలి. అదే 60 చేల పట్టికను మరుసటి ఏడాది బ్యాచ్‌కు అందించాలి, సర్వే నంబర్లు మార్చకుండా.