ఓడకు దారి చూపేవారికి లైసెన్సు ఇవ్వాల్సింది ఎవరు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పోర్టుల మాటెత్తితే అది నెల్లూరు వాళ్ల సంగతి, చెన్నై వాళ్ల సంగతి అన్నట్టు చూస్తారు. కానీ చిత్తూరు తోతాపురి గుజ్జు విదేశాలకు వెళ్లేది ఎక్కువగా చెన్నై పోర్టు మీదుగానే. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు ముడిసరుకు దిగాలన్నా, సరుకు ఎగుమతి కావాలన్నా ఏదో ఒక రేవు దాటాల్సిందే. కృష్ణపట్నం పక్కనున్న రిఫైనరీల్లో శుద్ధయ్యే పామాయిల్ వచ్చేది కూడా ఓడల్లోనే. పైగా 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు సొంత తీరం ఉంది. 2014 విభజన చట్టంలో పోర్టు హామీ దక్కిన దుగ్గరాజపట్నం ఆ తీరంలోనిదే. ఆ పోర్టు రాలేదు. ఇప్పుడు అదే చోట నౌకా నిర్మాణ కేంద్రం పెడతామంటున్నారు.

ఆ ప్రాజెక్టుకు ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్న చర్చ బాగానే నడుస్తోంది. రేవులోకి ఓడను సురక్షితంగా తీసుకొచ్చే మనిషి గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. ఆ మనిషే మెరైన్ పైలట్.

ఓడ కెప్టెన్‌కు మహాసముద్రాలు దాటడం తెలుసు. కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీక్ ముఖద్వారంలో ఇసుక ఈ ఏడాది ఎటు జరిగిందో, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అలల పోటు ఓడను ఏ పక్కకు నెడుతుందో, ఓడను లాగి, నెట్టే చిన్న పడవ టగ్‌ను ఎప్పుడు పిలవాలో ఆయనకు తెలియదు. అవి తెలిసిన స్థానిక పైలట్ చిన్న బోటులో సముద్రంలోకి ఎదురెళ్లి, కదులుతున్న ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కుతాడు. అక్కడి నుంచి ఓడను కట్టేసే చోటు, అంటే బెర్త్ చేరేదాకా ఓడ ఎటు తిరగాలో, ఎంత వేగంతో పోవాలో చెప్పేది ఆయనే. లక్షన్నర టన్నుల బొగ్గుతో వస్తున్న ఓడ ఇంజన్ ఆపినంత మాత్రాన ఆగదు, కిలోమీటర్ల దూరం సాగిపోతుంది. రేవులోకి వెళ్లే ఆ నీటి దారిలో తప్పు దిద్దుకునే టైమ్ నిమిషాల్లోనే ఉంటుంది.

ఇంత బాధ్యత మోసే మనిషికి అర్హత ఉందని ఎవరు తేలుస్తున్నారు? ఒకసారి లైసెన్సు ఇచ్చాక మళ్లీ ఎవరు పరీక్షిస్తున్నారు?

ఓడ మీద పనిచేసే చిన్న ఆఫీసర్‌కైనా ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పైలట్లు ఆ ఒప్పందం పరిధిలోకి రారు. వారి కోసం అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2003లో ఏ.960 అనే తీర్మానం చేసింది. శిక్షణ ఎలా ఉండాలి, వైద్య పరీక్ష ఎలా చేయాలి, ఐదేళ్లు మించకుండా అర్హతను ఎలా తిరిగి పరీక్షించాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. కానీ అది సిఫార్సు మాత్రమే. పాటించాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టం.

మన దేశంలో 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం వందేళ్లకు పైగా నడిచింది. రెండు వందల టన్నులు, అంతకు మించిన ఓడ పైలట్ గానీ హార్బర్ మాస్టర్ గానీ లేకుండా పైలటేజీ తప్పనిసరి చేసిన రేవులోకి రాకూడదు, పోకూడదు అని ఆ చట్టం చెప్పింది. ప్రభుత్వం అధికారం ఇచ్చినవాడే పైలట్ అని కూడా అన్నది. ఆ ప్రభుత్వం మేజర్ పోర్టులకు కేంద్రం, మిగతా వాటికి రాష్ట్రం. అంటే విశాఖపట్నం పోర్టులో ఓడ నడిపే పైలట్ కేంద్రం లెక్కలో, కృష్ణపట్నం పైలట్ రాష్ట్రం లెక్కలో ఉంటారు. సముద్రం ఒకటే, ఓడలూ అవే. సోమవారం ఒక రేవు చూసిన ఓడ శుక్రవారానికి రెండో రేవులో ఉండొచ్చు.

ఆ చట్టంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉండేది. పైలట్ తప్పనిసరిగా ఉండాల్సిన చోట కూడా, ఓడ నడపడంలో తప్పు జరిగి నష్టం వస్తే జవాబుదారీ ఓడ యజమాని, కెప్టెనే. చాలా దేశాల్లో ఇదే పద్ధతి. దీని వెనుక న్యాయం లేకపోలేదు, ఓడ అంతిమంగా కెప్టెన్‌దే కదా. కానీ దీని ఫలితం ఏమిటో చూడండి. పైలట్ శిక్షణలో లోటు ఉంటే ఆ నష్టం ఓడ యజమాని మీద, ఆయన బీమా సంస్థ మీద పడుతుంది. శిక్షణకు, విశ్రాంతికి, వైద్య పరీక్షలకు డబ్బు ఖర్చు పెట్టాల్సిన పోర్టు మీద ఆ భారం అంతగా పడదు. డబ్బు పరంగా ఒత్తిడి లేనప్పుడు దాన్ని నిబంధనలే తేవాలి. మన దగ్గర బలహీనంగా ఉన్నది సరిగ్గా అదే.

మన పైలట్లు చేతకానివారని నేను అనడం లేదు. విదేశీ యానానికి పనికొచ్చే మాస్టర్ సర్టిఫికెట్ సంపాదించి, ఏళ్ల తరబడి సముద్రం మీద గడిపిన వారే ఎక్కువగా ఈ పనికి వస్తారు. సీనియర్ వెంట తిరిగి నేర్చుకుని, చిన్న ఓడలతో మొదలుపెట్టి పెద్ద ఓడలకు ఎదుగుతారు. నా అభ్యంతరం మనుషుల మీద కాదు, వారిని అజమాయిషీ చేసే ఏర్పాటు మీద.

ప్రైవేటు పోర్టుల్లో పైలట్ సాధారణంగా ఆ పోర్టు నడిపే కంపెనీ ఉద్యోగి, లేదా కాంట్రాక్టు మీద వచ్చినవాడు. గాలి ఎక్కువగా ఉంది, ఇప్పుడు ఓడను లోపలికి తేలేను అని ఆయన అంటే బెర్త్ ఖాళీగా ఉంటుంది, ఓడకు రోజువారీ ఖర్చు పెరుగుతుంది, ఫోన్లు మొదలవుతాయి. ఆ టెన్షన్‌లోనూ 'కాదు' అనగలగాలంటే, తన అర్హత, తన భవిష్యత్తు జీతమిచ్చే చేతుల్లో ఉండకూడదు. ఇక రాష్ట్రం వైపు చూస్తే, 2018 చట్టంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మారిటైమ్ బోర్డు పోర్టులను నియంత్రించాలి, కొత్త పోర్టులను కట్టించి సరుకు పెంచే పనీ చూడాలి. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటలను తొందరగా పూర్తి చేయాల్సిన సంస్థే, ఈ పైలట్ ఇంకా పెద్ద ఓడకు తయారు కాలేదు, ఆగండి అని కూడా చెప్పాలి. ఒకే బల్ల మీద ఈ రెండు ఫైళ్లూ ఉంటే ఏది ముందు కదులుతుందో ఊహించడం కష్టం కాదు.

రేణిగుంటలో దిగే విమానం సంగతి చూడండి. దాన్ని నడిపే పైలట్‌కు లైసెన్సు ఇచ్చేది విమానాశ్రయం కాదు, విమానయాన సంస్థ కాదు, కేంద్ర ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. వైద్య పరీక్షకు గడువు దాటితే ఆయన కాక్‌పిట్ ఎక్కడానికి వీల్లేదు. అన్నీ సవ్యంగా నడుస్తున్నాయని అనను గానీ, లైసెన్సు ఇచ్చే చెయ్యి, జీతం ఇచ్చే చెయ్యి వేరు అన్న సూత్రమైతే అక్కడ స్థిరపడింది.

వైద్య పరీక్ష ఎంత ముఖ్యమో శాన్‌ఫ్రాన్సిస్కో అనుభవం చెబుతుంది. 2007 నవంబర్ 7న దట్టమైన పొగమంచులో కాస్కో బుసాన్ అనే కంటైనర్ ఓడ అక్కడి బే బ్రిడ్జి స్తంభపు రక్షణ కట్టడాన్ని రాసుకుంది. రెండు లక్షల లీటర్లకు పైగా ఇంధన నూనె సముద్రంలో కలిసింది. ఓడ మీద ఎంతో అనుభవం ఉన్న పైలట్ ఉన్నాడు. ఆయన వాడుతున్న మందుల ప్రభావం ఆలోచన మీద పడిందనీ, ఆయన ఆరోగ్య పరిస్థితి మీద కోస్ట్‌గార్డ్ పర్యవేక్షణ చాల్లేదనీ దర్యాప్తు తేల్చింది. ఆ పైలట్ జైలుకు వెళ్లాడు. కాగితం మీద అర్హత ఉంది. దాన్ని మళ్లీ గట్టిగా తరచి చూసినవారు లేరు.

ఆస్ట్రేలియా కథ ఇంకా ఆలోచింపజేస్తుంది, ఎందుకంటే అక్కడ లైసెన్సు ఇచ్చేది జాతీయ సంస్థే. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని కొన్ని మార్గాల్లో 1991 నుంచి పైలట్ తప్పనిసరి. ఆ తర్వాత పైలటేజీని పోటీపడే ప్రైవేటు కంపెనీలకు వదిలారు. 2012లో వచ్చిన రవాణా భద్రతా బ్యూరో నివేదిక ఆ ఏర్పాటులోని లోపాలను బయటపెట్టింది. ప్రమాదం తృటిలో తప్పిన ఘటనలను పైలట్లు సరిగా రిపోర్ట్ చేయడం లేదు. తోటి పైలట్లే పైలట్లను పరీక్షించే పద్ధతి అనుకున్న ఫలితం ఇవ్వలేదు. అలసట నియంత్రణలోనూ లోపాలు కనిపించాయి. కాబట్టి ఢిల్లీ నుంచి లైసెన్సు ఇస్తే సరిపోతుంది అనేవారితో నేను ఏకీభవించను. ఇచ్చిన తర్వాతి పర్యవేక్షణ లేకపోతే ఎవరు ఇచ్చినా ఒకటే.

బ్రిటన్‌లో 1996లో సీ ఎంప్రెస్ ట్యాంకర్ పైలట్ ఉండగానే మిల్ఫర్డ్ హేవెన్ రేవు ముఖద్వారంలో రాళ్లకెక్కింది. 72 వేల టన్నుల ముడి చమురు ఒలికింది. పెద్ద ట్యాంకర్లు నడపడంలో ఆ పైలట్‌కు తగిన శిక్షణ, అనుభవం లేవని దర్యాప్తులో తేలింది. ఆయనకు అధికారం ఇచ్చింది ఆ పోర్టు అథారిటీయే. కోర్టు దానికి 40 లక్షల పౌండ్ల జరిమానా వేసింది, అప్పీల్‌లో అది ఏడున్నర లక్షలకు తగ్గింది. కెనడా ఆ దాకా రానివ్వకుండా, పైలటేజీ సేవ అందించే సంస్థల చేతిలో ఉన్న లైసెన్సింగ్, తనిఖీ అధికారాలను 2019 సవరణతో రవాణా మంత్రిత్వ శాఖకు మార్చింది. మనకు పనికొచ్చే నమూనా అదే అని నా అభిప్రాయం.

ఇప్పుడే ఎందుకు ఈ మాట? 2025 ఆగస్టులో 1908 చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త ఇండియన్ పోర్ట్స్ చట్టం తెచ్చింది. కేంద్రం, తీర రాష్ట్రాలు కలిసి కూర్చునే మారిటైమ్ రాష్ట్ర అభివృద్ధి మండలికి అందులో చోటుంది. కొత్త చట్టానికి తగ్గట్టు రూల్స్ రాసుకునే సమయం ఇది. పైలట్ మూల అర్హత, వైద్య ప్రమాణం, ఐదేళ్లకోసారి తిరిగి పరీక్ష దేశమంతటికీ ఒకేలా ఉండాలి. ఫలానా రేవు లోతులు, ప్రవాహాలు తెలుసా లేదా అన్న పరీక్ష మాత్రం స్థానికంగానే జరగాలి. అయితే పరీక్షించే బోర్డులో ఆ పోర్టు ఉద్యోగి ఒక్కడే కూర్చోకూడదు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి చెన్నైలో, విశాఖలో క్యాంపస్‌లున్నాయి, అక్కడి అధ్యాపకులను కలుపుకోవచ్చు. పని గంటలకు హద్దు, విశ్రాంతికి లెక్క రాతపూర్వకంగా ఉండాలి. తృటిలో తప్పిన ప్రమాదాన్ని చెప్పుకున్న పైలట్ ఉద్యోగానికి భరోసా ఉండాలి. లేకపోతే ఎవరూ చెప్పరు, ఆస్ట్రేలియాలో జరిగింది అదే.

ఖర్చు పెరుగుతుందని, సరుకు పక్క రాష్ట్రం రేవుకు పోతుందని పోర్టు వర్గాలు అనొచ్చు. ప్రమాణం దేశమంతా ఒకటే అయితే పోవడానికి చౌక రేవు ఉండదు. అందుకే ఇది ఒక్క ఆంధ్రప్రదేశ్ చేస్తే కుదిరే పని కాదు.

2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒలికిన నూనెను చెన్నై తీరంలో జనం బకెట్లతో ఎత్తిపోశారు. ఆ ఘటనలో తప్పెవరిదన్నది వేరే చర్చ. ఎన్నూరుకు ఉత్తరాన కొద్ది దూరంలోనే పులికాట్ మొదలవుతుంది. ఆ సరస్సు నీళ్ల మీద, వాకాడు దాకా ఉన్న తీరం మీద బతికే మత్స్యకార కుటుంబాలకు ఈ రూల్స్ ముసాయిదా తెలుగులో చేరాలి, తిరుపతి, నెల్లూరు కలెక్టరేట్లలో వారి అభిప్రాయం తీసుకోవాలి. దుగ్గరాజపట్నంలో మొదటి ఓడ నీళ్లలోకి దిగే నాటికి, దాన్ని బయటికి నడిపే పైలట్‌కు లైసెన్సు ఎవరిచ్చారో, ఆ లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో ఎవరైనా చూసుకునేలా మారిటైమ్ బోర్డు వెబ్‌సైట్‌లో జాబితా పెట్టాలి.