పెట్రోల్ వాసన అంటే రీస్లింగేనా?
వైన్ వాసనల మీద ఓ పొడుగు వ్యాసం చదివాను. అందులో 'తెల్ల వైన్‌లో పెట్రోల్ వాసన వస్తే కళ్లు మూసుకుని రీస్లింగ్ (జర్మనీలో పేరున్న తెల్ల ద్రాక్ష, దాని వైన్) అనేయొచ్చు' అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఇటలీలో, పియెమొంతే ప్రాంతంలోని తొర్తోనా కొండల మీద పండే తిమొరాస్సో అనే తెల్ల ద్రాక్ష వైన్ కూడా నాలుగైదేళ్లు సీసాలో ఉంటే అదే వాసన కొడుతుంది. తూరిన్‌లో ఉన్నప్పుడు ఒకసారి పేరు కనపడకుండా తిమొరాస్సో సీసాకి గుడ్డ చుట్టి పోస్తే నేనూ రీస్లింగనే చెప్పి నవ్వులపాలయ్యా. తేడా ముక్కుకి దొరకదు, నోట్లో పోసుకుంటే తెలుస్తుంది. నేను తాగిన జర్మన్ రీస్లింగులు నిమ్మరసంలా సన్నగా జారిపోయాయి. ఇదేమో తేనె, బాదంపప్పు రుచితో నాలుక మీద బరువుగా కూర్చుంటుంది, పులుపు మాత్రం తగ్గదు. 1980ల్లో అక్కడి వైన్ తయారీదారు వాల్టర్ మాస్సా పట్టుబట్టి మళ్లీ సాగులోకి తేకపోతే దాదాపు కనుమరుగైపోయేదే ఈ ద్రాక్ష. అంత పొడుగు వ్యాసంలో దాని పేరైనా ఎత్తకపోతే ఎలాగండీ!