సవరణ: ఫోన్‌లో డీఎన్‌డీ పెడితే యాడ్ కాల్స్ ఆగవు

హన్మకొండ రీడింగ్ రూముల్లో పరీక్షలకు చదువుతున్న పిల్లల కోసం మొన్న ఒక పోస్ట్ పెట్టాను. ఫోన్‌లో 'డూ నాట్ డిస్టర్బ్' (డీఎన్‌డీ) సెట్టింగ్ ఆన్ చేస్తే లోన్ కాల్స్, యాడ్ మెసేజ్‌లు రావడం ఆగిపోతాయని అందులో రాశాను. అది తప్పు.

ఆ సెట్టింగ్ చేసేది చప్పుడు ఆపడం మాత్రమే. మెసేజ్ వస్తూనే ఉంటుంది, మిస్డ్ కాల్ కనిపిస్తూనే ఉంటుంది. యాడ్ కాల్స్ ఆపాలంటే నంబర్‌ను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ డీఎన్‌డీలో నమోదు చేయాలి. పేరు అదే అయినా ఇది ఫోన్ సెట్టింగ్ కాదు, యాడ్ కాల్స్ వద్దన్నవాళ్ల జాబితా. మెసేజ్‌లో ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, 0 పెట్టి 1909కు పంపాలి. ఆ నంబర్‌కు కాల్ చేసినా సరిపోతుంది. బ్యాంకు ఓటీపీలు ఆగవు, ఆ టెన్షన్ వద్దు. మామూలు మొబైల్ నంబర్ల నుంచి చేసే మోసగాళ్లకు మాత్రం ఇది అడ్డు కాదు, వాళ్లను బ్లాక్ చేసుకోవాల్సిందే. ఈ వివరాలు ట్రాయ్ సమాచారంలోనూ, ఫోన్ కంపెనీల సహాయ పేజీల్లోనూ ఉన్నవే.

"ఊర్లో అమ్మకు ఏమన్నా అయితే ఎట్ల తెలుస్తది?" అని నర్సంపేట నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన భయం. ఆండ్రాయిడ్‌లో అమ్మ నంబర్‌కు స్టార్ గుర్తు పెట్టి, డూ నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్‌లో స్టార్ నంబర్ల కాల్స్‌కు అనుమతి ఇవ్వాలి. 'రిపీట్ కాలర్స్' కూడా ఆన్ చేస్తే, 15 నిమిషాల్లోపు అదే నంబర్ నుంచి రెండోసారి కాల్ వస్తే ఫోన్ మోగుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు 3 నిమిషాలే.

పాత పోస్ట్‌ను షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.