రివర్స్ ఆక్షన్ గారికి ఒక ఎల్‌1 రాయునది

మహారాజశ్రీ రివర్స్ ఆక్షన్ గారికి,

జడ్చర్లలో అట్టపెట్టెలు చేసి బతికేవాడు, మీ వేలంపాటలో అందరికన్నా తక్కువ ధర చెప్పి ఎల్‌1 అయినవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం తెలుస్తూనే ఉంది, మాదే చెప్పాలి.

మా నాయన బాదేపల్లి యార్డుకు పల్లికాయ తోలేవాడు. అక్కడా పాటే. ఖరీదుదార్లు ఒకరి మీద ఒకరు పెంచుతుంటే ఆయన బస్తా మీద కూర్చుని బీడీ కాల్చేవాడు. పాట లేవని రోజులూ ఉండేవి, అది వేరే ముచ్చట. నా పాటలో కొనేవాడు కూర్చుంటాడు. అమ్మేవాళ్లం ఒకరి మీద ఒకరు పడి తగ్గిస్తాం.

మొన్నటిది ఒక మందుల కంపెనీకి ఐదు పొరల (ఫైవ్ ప్లై) పెట్టెలు. పెట్టెకు 38 రూపాయలతో మొదలు. స్క్రీన్ మీద అవతలివాడి పేరుండదు, ఊరుండదు. నా ర్యాంకు మాత్రం ఎర్రగా ఎల్‌3. తగ్గించా, ఎల్‌2. ఇంకా తగ్గించా, ఎల్‌1. చాయ్ తాగుదామని లేచేసరికి మళ్లీ ఎల్‌2. చివరి ఐదు నిమిషాల్లో ఎవరు తగ్గించినా మరో ఐదు నిమిషాలు పెరుగుతుంది కదా, పదకొండున్నరకు అయిపోవాల్సింది ఒంటిగంటన్నర దాకా సాగింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఆ అవతలాయనకు పెండ్లాం పిల్లలు లేరా?" అంది. ఆయనింట్లోనూ నా గురించి అదే అడిగి ఉంటారు.

31.40కి గెలిచాను. కాగితం, జిగురు, కరెంటు, కూలీ కలిపితే 31.10. మిగిలిన 30 పైసల్లో లారీ కిరాయి. అరగంటకు పర్చేజ్ మేనేజర్ ఫోన్: "కంగ్రాట్స్ అన్నా. ఇంకొంచెం చూడరాదూ."

చూశాను. ఆర్డర్‌లో 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాములు) కాగితం అని ఉంది. 140 కూడా చూడ్డానికి గోధుమరంగే. వానాకాలం గోడౌన్‌లో పై వరసల బరువుకు అడుగు పెట్టె నడుం వంచితే బిల్లులో కోత పెట్టే డెబిట్ నోట్ నాకే వస్తుంది, మీకు రాదు.

2016లో వచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లోనూ మీకు పీట వేశారు. అక్కడ మా చిన్న యూనిట్లకో మర్యాద ఉంది. ఎల్‌1 చిన్న సంస్థ కాకపోతే, మా ధర దానికి 15 శాతం లోపు ఎక్కువున్నా, ఆ ఎల్‌1 ధరకే దిగి కొంత ఆర్డర్ తీసుకోవచ్చు. దిగడంలో రిజర్వేషన్ అన్నమాట.

ఇక డబ్బులు. చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం ఉంది. పాటలో సెకండ్లు లెక్కపెట్టినవాళ్లే ఇక్కడ పొడిగిస్తారు, అయితే ఐదు నిమిషాలు కాదు.

మంగళవారం పదకొండింటికి మళ్లీ పాట. మొదటి ధరగా 31.40 పెట్టారు.

ఇట్లు,
తమ ఎల్‌1
(ఈ లేఖ రాసేనాటికి)