పొయ్యి ఆరిన ఊరు

1947 ఏప్రిల్‌లో ఐర్లండ్ ప్రధాని ఈమన్ డి వలేరాకు ఒక టెలిగ్రాం అందింది. తుఫానులో చిక్కుకుపోయాం, కష్టాల్లో ఉన్నాం, తిండి పంపండి, తినడానికి ఏమీ లేదు అని దాని సారాంశం. పంపినవాళ్లు గ్రేట్ బ్లాస్కెట్ దీవిలోని ఊరివాళ్లు. కెర్రీ కౌంటీలో డింగిల్ ద్వీపకల్పం చివరి కొండ మీద నిలబడితే ఆ దీవి స్పష్టంగా కనబడుతుంది. నడుమ ఉన్నది దాదాపు రెండు కిలోమీటర్ల సముద్రం మాత్రమే. ఆ టెలిగ్రాం అందే నాటికి ఆ ఊరివాళ్లు రాసిన, చెప్పి రాయించిన మూడు ఆత్మకథలు అచ్చయి పదేళ్లు దాటింది. వాటిలో రెండు ఇంగ్లీషులోకి కూడా వెళ్లాయి. ఆ ఊరి భాషను, కథలను నెత్తిన పెట్టుకున్న పండితులు లండన్ నుంచీ కేంబ్రిడ్జ్ నుంచీ వచ్చి వెళ్లారు. ఊళ్లో మాత్రం పిండి నిండుకుంది.

వారసత్వ పరిరక్షణ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ టెలిగ్రాం గుర్తుకొస్తుంది. ఒక ఊరి మాటను ప్రేమించడం ఒకటి, ఆ మాట మాట్లాడే మనుషులు అక్కడే బతికేలా చూడడం మరొకటి. కొత్తగా ఏర్పడిన ఐర్లండ్ రాజ్యం మొదటి పని మనస్ఫూర్తిగా చేసింది. రెండో పనికి కావలసినవి సరైన రేవు, నమ్మదగిన పడవ, పిలిస్తే వచ్చే వైద్యుడు. అవి చివరిదాకా రాలేదు.

ఊరు ఎలా ఉండేదో చెప్పాలి. ప్రధాన భూభాగం వైపు తిరిగిన ఏటవాలు కొండచరియ మీద, గాలికి తల వంచినట్టు, సగం నేలలోకి తవ్వి కట్టిన రాతి ఇళ్లు. చెట్టు లేదు. గుడి లేదు, అంగడి లేదు, సారా దుకాణం లేదు, పాదిరి లేడు, డాక్టరు లేడు. వంటచెరకుగా కొండ మీద తవ్వి ఎండబెట్టుకున్న పీట్ గడ్డలు, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మట్టి. తిండికి బంగాళాదుంపలు, చేపలు, కుందేళ్లు, అప్పుడప్పుడు సీల్ మాంసం. అన్నింటికీ ఆధారం నేవోగ్ అనే తేలికపాటి పడవ. చెక్క బద్దల చట్రానికి గుడ్డ బిగించి, తారు పూసి చేసేవాళ్లు. అంత పల్చటి పడవలోనే ఆవులను, గొర్రెలను, శవపేటికలను కూడా దాటించారు. శ్మశానం సైతం ఎదురుగా ఉన్న డన్‌క్విన్‌లోనే. మంచి వాతావరణంలో చనిపోవడం కూడా అక్కడ అదృష్టం కిందే లెక్క.

భూమి వాళ్లది కాదు. ఎర్ల్ వంటి బిరుదులున్న జమీందార్లు శిస్తు వసూలు చేసుకున్న కాలం అది. కోర్క్ ఎర్ల్ చేతిలో ఉన్న దీవిని 1907లో ప్రభుత్వ సంస్థ అయిన కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు కొని, ముక్కలు చెక్కలుగా ఉన్న పొలాలను సరిచేసి ఊరివాళ్లకు పంచింది, పైభాగాన కొన్ని కొత్త ఇళ్లు కట్టింది. 1916 ప్రాంతంలో జనాభా 176కు చేరింది. ఊరు చూసిన అత్యధిక సంఖ్య అదే.

ఇంత చిన్న ఊరి నుంచి ఆధునిక ఐరిష్ సాహిత్యానికి అంత పెద్ద వాటా ఎలా వచ్చింది? సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: బయటి ప్రపంచం తాకని చోట ప్రాచీన భాష, ప్రాచీన కథ స్వచ్ఛంగా నిలిచిపోయాయని. నేను దీన్ని ఒప్పుకోను. ఆ పుస్తకాలు పుట్టిన తీరు చూస్తే ఈ కథనం నిలబడదు.

తొమాస్ ఓ క్రోహన్‌ను తీసుకోండి. 1850ల మధ్యలో పుట్టిన జాలరి. చిన్నప్పుడు బడిలో నేర్పింది ఇంగ్లీషే. మాతృభాష అయిన ఐరిష్‌ను చదవడం, రాయడం నడివయసులో, సముద్రం పోటెత్తి డన్‌క్విన్‌లో చిక్కుబడిన రోజుల్లో, అక్కడి పిల్లల పుస్తకాల సాయంతో మొదలుపెట్టాడు. 1907లో కార్ల్ మార్‌స్ట్రాండర్ అనే నార్వే పండితుడు ఐరిష్ నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చాడు. 1910లో బ్రిటిష్ మ్యూజియంలో రాతప్రతులు చూసే రాబిన్ ఫ్లవర్ వచ్చాడు. ఫ్లవర్‌కు ఊరివాళ్లు చిన్ని పువ్వు అనే అర్థం వచ్చేలా 'బ్లాహీన్' అని పేరు పెట్టుకున్నారు, ఆయన 1946లో మరణించాక చితాభస్మాన్ని ఆ దీవి మీదే చల్లారు. ఆ తర్వాత 1917లో కిలార్నీ నుంచి వచ్చిన బ్రియన్ ఓ కెల్లీ చేసిన పని నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఆయన తొమాస్ ముందు కూర్చుని రష్యా రచయిత మాక్సిం గోర్కీని, ఫ్రెంచి రచయిత పియెర్ లోటీని చదివి వినిపించాడు. కూలినాలి జనం, సముద్రం మీద బతికేవాళ్లు కూడా సాహిత్యానికి వస్తువే, రచయితలు కూడా కాగలరని నిరూపించడానికి. ఆ తర్వాతే తొమాస్ తన దినచర్యలను, తన జీవితాన్ని రాశాడు. ఆత్మకథ 1929లో వెలువడింది.

అంటే ఈ పుస్తకం వెనుక వోల్గా తీరం ఉంది, ఫ్రాన్సు సముద్రతీరం ఉంది. ఊరు ఎప్పుడూ మూసుకుపోయి లేదు. 1588లో స్పెయిన్ యుద్ధనౌక శాంతా మరియా డి లా రోసా ఆ జలసంధిలోనే మునిగింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో క్వెబ్రా అనే ఓడ బద్దలైతే సరుకంతా దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. లాబ్‌స్టర్లు కొనడానికి ఫ్రెంచి పడవలు వచ్చేవి. అమెరికా నుంచి ఉత్తరాలూ డాలర్లూ బట్టల మూటలూ వచ్చేవి. అన్నీ చూసిన మనిషి, తన ఊరి భాషలోనే ఇదంతా చెప్పవచ్చని గ్రహించిన మనిషి రాసిన పుస్తకం అది. స్వచ్ఛత అనే మాటతో ఆ తెలివిని చిన్నబుచ్చకూడదు. గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషలో రాయాలని పోరాడిన కాలంలోనే ఐర్లండ్‌లోనూ పదిహేడో శతాబ్దపు గ్రంథాల భాషా, జనం నోటి మాటా అన్న వాదం నడిచిందని తెలిస్తే తెలుగు పాఠకులకు బ్లాస్కెట్ పుస్తకాల విలువ మరింత తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ రాకపోకలకు ఊరు మూల్యం కూడా చెల్లించింది. 1909 ఆగస్టులో ఐరిష్ నేర్చుకోవడానికి డబ్లిన్ నుంచి వచ్చిన ఒక యువతి ఈతకు దిగి మునిగిపోతుంటే, కాపాడబోయిన తొమాస్ కొడుకు కూడా ఆమెతోపాటు మరణించాడు. తొమాస్‌కు పదిమంది పిల్లలు. వాళ్లలో చాలామంది తండ్రి కంటే ముందే పోయారు. ఇంత దుఃఖాన్ని ఆయన కొన్ని పంక్తుల్లో చెప్పి మళ్లీ వల సర్దుకునే పనిలోకి వెళ్లిపోతాడు. ఆ పొదుపు ముందు నాకు నోట మాట రాదు.

పెగ్ సేయర్స్ కథ వేరు. 1873లో డన్‌క్విన్‌లో పుట్టి, చిన్న వయసులోనే డింగిల్‌లో పనిమనిషిగా చేరింది. ముందుగా అమెరికా వెళ్లిన స్నేహితురాలు ప్రయాణానికి డబ్బు పంపుతానంది, ప్రమాదంలో గాయపడి పంపలేకపోయింది. పెగ్ పెళ్లి చేసుకుని దీవికి వచ్చింది. ఆమెకు ఐరిష్ రాయడం రాదు. కొడుకు చేత రాయించిన ఆత్మకథ 1936లో వచ్చింది. అంతకంటే పెద్ద సంపద జానపద పరిశోధకులు ఆమె నోట విని భద్రపరచిన కథలు. దాదాపు 350 ఉంటాయి. కథ చెప్పేటప్పుడు ఆమె నవ్వించేది, ఏడిపించేది, భయపెట్టేది. అచ్చుపుస్తకంలో మాత్రం భక్తి, ఓర్పు, కష్టాలు ముందుకొచ్చాయి. ఆ పుస్తకాన్ని దశాబ్దాలపాటు బడిపిల్లల చేత నిర్బంధంగా చదివించారు. పరీక్షల భయంతో చదివిన ఎన్నో తరాలు ఆమె పేరు వింటేనే ముఖం చిట్లించాయి. ఒక గొప్ప కథకురాలికి జరిగిన అన్యాయం ఇది. తొమాస్ పుస్తకంలోనూ మొరటుగా ఉన్నాయనుకున్న భాగాలను సంపాదకుడు తీసేశాడు, అవన్నీ తిరిగి చేరిన ప్రతి రావడానికి 2002 దాకా ఆగాల్సివచ్చింది. రాజ్యానికి, పాఠశాలకు కావలసినది సద్గుణాలు మూర్తీభవించిన పల్లెజనం. అసలు పల్లెజనం అంతకంటే ఎంతో సజీవంగా ఉన్నారు.

మూడో రచయిత మారిస్ ఓ సులివాన్. 1904లో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో గ్రీకు చదివి, 1923లో దీవికి వచ్చిన జార్జ్ థామ్సన్ అతని మిత్రుడు. అమెరికా వెళ్లవద్దు, ఇక్కడే ఉండు అని థామ్సన్ బతిమాలాడు. మారిస్ పోలీసు ఉద్యోగంలో చేరి, బాల్యాన్ని రాసి 1933లో ప్రచురించాడు. ఆ ఒక్కడి విషయంలో స్నేహం గెలిచింది. తతిమ్మా యువత విషయంలో ఎవరూ గెలవలేదు.

వాళ్లంతా ఎక్కడికి వెళ్లారు? మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు. అక్కడ హంగ్రీ హిల్ అనే పేట బ్లాస్కెట్, డన్‌క్విన్ జనంతో నిండింది. ప్రయాణానికి ముందు రాత్రి ఇంట్లో జరిపే వీడ్కోలును అమెరికా జాగారం అనేవారు. చనిపోయినవాళ్ల దగ్గర తెల్లవార్లూ కూర్చునే జాగారం పేరే దానికీ పెట్టారు. వెళ్లినవాళ్లు మళ్లీ రారని అందరికీ తెలుసు కనుక. మొదటి యుద్ధం తర్వాత మాకరెల్ చేపల బేరం పడిపోయింది, చేతిలో డబ్బు ఆడడం ఆగింది. ఆడపిల్లలు వెళ్లిపోవడంతో పెళ్లిళ్లు ఆగాయి, పెళ్లిళ్లు ఆగాక పురుళ్లు ఆగాయి. పిల్లలు లేక 1941లో బడి మూతపడింది. మరుసటి ఏడాది పెగ్ కూడా పుట్టిన ఊరికి వెళ్లిపోయింది. ఊరి గుండె ఆగింది, ఊరు ఖాళీ అయిన 1953లో అంటారు గానీ, నా లెక్కలో అది బడి మూసిన రోజే.

1947 జనవరిలో ఒక యువకుడు జబ్బుపడ్డాడు. దీవిలో ఉన్న రేడియో టెలిఫోను తుఫానుకు పనిచేయలేదు. వైద్యుడు రాలేదు, పాదిరి రాలేదు, అతను చనిపోయాడు. పైన చెప్పిన టెలిగ్రాం మూడు నెలల తర్వాతది. ఆ వేసవిలో డి వలేరా స్వయంగా దీవికి వచ్చి చూశాడు. మమ్మల్ని ఇక్కడినుంచి తరలించండి అని ఊరివాళ్లు అడిగారు. జాగ్రత్తగా గమనించవలసింది ఈ మాటే. వాళ్లను ఎవరూ బలవంతంగా వెళ్లగొట్టలేదు. వాళ్లే అడిగారు. అయితే రేవూ వైద్యమూ ఉన్న ఊరిలో ఉండాలా వద్దా అన్న ఎంపిక వాళ్ల ముందుకు ఎప్పుడూ రాలేదు. ఆకలికీ తరలింపుకీ మధ్య ఎంచుకోమంటే ఎవరైనా ఏమంటారు?

అడిగాక ఇంకో ఆరేళ్లు గడిచాయి. 1953 నవంబరు 17న పడవ వచ్చింది. మిగిలినవాళ్లు 22 మంది. ఆ రోజూ సముద్రం కల్లోలంగానే ఉంది. డన్‌క్విన్ వైపు ఇళ్లు ఇచ్చారు, కాబట్టి ప్రతి ఉదయం కళ్లెదురుగా తమ ఊరే కనబడేది. తర్వాత కొంతకాలం గొర్రెలను చూసుకోవడానికి, చేపలు పట్టడానికి వెళ్లి వస్తూనే ఉన్నారు. పైకప్పులు ఒక్కొక్కటే కూలాయి.

ఇక ఆ తేదీ మళ్లీ ఎక్కడ కనబడుతుందో చూడండి. దీవిని జాతీయ చారిత్రక ఉద్యానంగా మార్చడానికి 1989లో ఐర్లండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. అప్పటికి దీవి భూమిలో చాలా భాగం బయటివాళ్ల చేతిలో ఉంది. దాన్ని ప్రభుత్వం నిర్బంధంగా తీసుకోవచ్చు, కానీ 1953 నవంబరు 17కు ముందునుంచి అక్కడి భూమి ఉన్నవారికీ వారి వారసులకూ మినహాయింపు అని రాశారు. యజమానులు కోర్టుకు వెళ్లారు. వంశాన్ని బట్టి పౌరులను రెండుగా విడదీయడం రాజ్యాంగం చెప్పే సమానత్వానికి విరుద్ధమని హైకోర్టు, ఆపై సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టేశాయి. న్యాయంగా చూస్తే ఆ తీర్పు సరైనదే. పుట్టుక ఆధారంగా హక్కులు పంచే చట్టాన్ని ఏ ప్రజాస్వామ్యమూ సమర్థించకూడదు. అయినా ఆ చట్టం రాసినవారి మనసులోని తపన నాకు అర్థమవుతుంది. ఈ ఊరు ఎవరిది అన్న ప్రశ్నకు, చివరి రోజు దాకా ఇక్కడ పొయ్యి వెలిగించినవాళ్లది అని చెప్పాలని వాళ్ల తాపత్రయం. చెప్పవలసిన సమయం 1947. తర్వాతి కాలంలో ప్రభుత్వం ఒప్పందాలతో దీవిలో అధికభాగం కొనుక్కుంది.

ఇవాళ డన్‌క్విన్‌లో బ్లాస్కెట్ కేంద్రం ఉంది, మంచి పని చేస్తోంది. తొమాస్ ఇంటిని పునరుద్ధరించారు. వేసవిలో సందర్శకుల పడవలు నడుస్తాయి. దీవిలో అతిథి గృహాన్ని, కాఫీ దుకాణాన్ని ఒక వేసవిపాటు చూసుకునే ఇద్దరు మనుషుల కోసం ప్రకటన వస్తే ప్రపంచం నలుమూలలనుంచి వేల దరఖాస్తులు వస్తున్నాయి. కరెంటు లేదు, వేడినీళ్లు లేవు అని ముందే చెప్పినా వస్తున్నాయి. వాళ్ల కోరిక నిజమైనదే. అక్టోబరు వస్తే తిరిగి వెళ్లిపోవచ్చన్న భరోసా ఆ కోరికకు తోడుగా ఉంది. ఊరివాళ్లకు లేనిది ఆ భరోసాయే.

2023లో ఐర్లండ్ ప్రభుత్వం దీవుల కోసం పదేళ్ల విధానం ప్రకటించింది. ఖాళీగా, శిథిలంగా ఉన్న ఇంటిని బాగుచేసుకుని దీవిలో కాపురం ఉండేవాళ్లకు ప్రధాన భూభాగంలో ఇచ్చేదానికంటే ఎక్కువగా, 84,000 యూరోల దాకా సాయం ఉంది. ఇంటికి, రేవుకు, వైద్యానికి, ఇంటర్నెట్‌కు ముందు డబ్బు పెట్టాలన్న ఆలోచన అందులో కనబడుతుంది. శాశ్వత నివాసులు ఇంకా మిగిలి ఉన్న దీవులకు వర్తించే విధానం అది. గ్రేట్ బ్లాస్కెట్‌లో అలాంటివాళ్లు లేక 70 ఏళ్లు దాటింది.