నవల ఎంతవరకొచ్చిందంటే... 120 పేజీలు తగ్గింది

మొన్న పెళ్లిలో బంతిలో కూర్చున్నానో లేదో, పక్కనున్న బాబాయ్ అడిగేశాడు: "ఏమ్మా, నవల ఎంతవరకొచ్చింది?" పోయిన పెళ్లిలో 410 పేజీలని చెప్పాను. ఇప్పుడు 290 అన్నాను. పప్పులో నెయ్యి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "అదేంటి, వెనక్కి నడుస్తున్నావా?"

రాస్తే పని చేసినట్టు, కొట్టేస్తే ఖాళీగా కూర్చున్నట్టు. ఈ లెక్క ఎవరు పెట్టారో గానీ వింటే ఒళ్లు మండుతుంది. రెండేళ్లలో నేను చేసిన అసలు పనంతా కొట్టేయడమే.

నా నవల 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చుట్టూ తిరుగుతుంది. మొదటి చిత్తుప్రతిలో ఆ రాత్రికే 22 పేజీలు ఇచ్చాను. సముద్రం గర్జించింది, ఆకాశం విరిగిపడింది, మబ్బుల చాటు నుంచి నిండు చందమామ తొంగిచూసింది. చదువుకుని మురిసిపోయాను కూడా. రెండోసారి దిద్దుతుంటే ఎందుకో అనుమానమొచ్చి తిథులు చూశాను. ఆ నెల అమావాస్య నవంబరు 11న. ఎనిమిది రోజులకే పున్నమి తెప్పించేశానన్నమాట! అయినా అంత తుపానులో చందమామ ఎవరికి కనబడింది, నా బొంద.

ఇంకోచోట మా హీరో ఆ రోజు పొద్దున్నే వరినాట్లు వేయించి ఇంటికొస్తాడు. నాగాయలంక దగ్గర వ్యవసాయం చేసే పెదనాన్న ఆ పేజీ చదివి కళ్లజోడు తీసేశాడు. "నవంబరులో నాట్లేంటే? చేలు కోతకొచ్చి ఉంటాయిగా!" ఆ ఒక్క మాటకి మూడు అధ్యాయాలు కదిలిపోయాయి. కోతకొచ్చిన చేను ఉప్పునీళ్ల పాలైందంటే ఆ ఇంటి అప్పులు మారతాయి, కూతురి పెళ్లి ఆగిపోతుంది. తప్పు దిద్దబోతే కథ దొరికింది.

ఉప్పెన నాటికి పెద్దమ్మకి 14 ఏళ్లు. వెళ్లినప్పుడల్లా నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయి, ఎలా బతికారు అని ప్రాణం తీసేదాన్ని. ఏమీ చెప్పేది కాదు. ఓసారి నేనేమీ అడక్కుండా తనతోపాటు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. తనే అంది: "తెల్లారాక తుమ్మచెట్ల నిండా చీరలేనే. మా అమ్మ ఒక్కో అంచూ పట్టుకుని చూసుకుంటా తిరిగింది, పిన్నిదేమోనని."

పదివేల మంది దాకా పోయారని అందరూ రాసిందే నేనూ రాశాను. ఆ అంకె ఎక్కడా గుచ్చుకోలేదు. ఈ అంచులు గుచ్చుకున్నాయి. ఇంటికొచ్చి 22 పేజీలూ తీసేసి పేజీన్నర ఉంచాను.

తమ్ముడేమో "ఏఐకి ఇచ్చెయ్యక్కా, గంటలో నీట్‌గా సర్దేస్తుంది" అంటాడు. సర్దుతుంది, కాదనను. నా నిండు చందమామని ఇంకాస్త నున్నగా చేసి ఇస్తుందేమో.

నాలో లోపం లేదని కాదు. ఏదైనా తట్టగానే వాట్సాప్‌లో నాకు నేనే మెసేజ్ పెట్టుకోవడం అలవాటు, అదీ హడావిడిగా. ఎనిమిది నెలల కిందటిది ఒకటుంది: "ఉప్పు. చెంబు. పెద్దమ్మ నవ్వింది." ఏ చెంబు, ఎందుకు నవ్వింది, ఒక్క ముక్క గుర్తులేదు. ఏడో అధ్యాయం నెల నుంచి అక్కడే ఆగి ఉంది. ఈ ఆదివారం అవనిగడ్డ బస్సెక్కి వెళ్తున్నాను. అడిగితే చెప్పదు కాబట్టి, దారిలో కిలో చిక్కుడుకాయలు కొనుక్కెళ్లాలి.