కుందేళ్లు యాడ దొరుకుతాయి అని అడిగే నాన్నలకు

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, అనంతపురంలో నాకు తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా ఇదే అడుగుతారు. "అన్నా, పిల్లోళ్లను తీసుకుని పోదామనుకుంటున్నాం, కుందేళ్లు యాడ బాగా దొరుకుతాయి?" గుట్టలమ్మట, బీళ్లమ్మట తిరిగే అలవాటు నాకుందని వాళ్లకు తెలుసు. చోటు చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ వాళ్లు అడిగేది చూడ్డానికి కాదు, కొట్టడానికి. నెత్తికి ఎల్‌ఈడీ లైటు కట్టుకుని, బండి మీద పిల్లోడిని ముందర కూర్చోబెట్టుకుని, రాత్రంతా చేలల్లో తిరగడానికి. మర్నాడు వాట్సాప్ స్టేటస్‌లో ఆ పిల్లోడే చచ్చిన కుందేలును చెవులు పట్టుకుని పైకెత్తి చూపిస్తుంటాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

లైటు మొహాన పడితే కుందేలు కళ్లు చెదిరి ఉన్నచోటే నిలబడిపోతుంది. అలా నిలబడిపోయిన దాన్ని కర్రతో కొట్టడానికి గురి అక్కర్లేదు, ఓపిక అక్కర్లేదు, అడవి తెలియాల్సిన పని అంతకన్నా లేదు. మరి పిల్లోడు ఏం నేర్చుకున్నట్టు? ఆకలికి ఉచ్చు పెట్టిన పాతకాలం వాళ్ల సంగతి వేరు. వాళ్లకు నేల తెలుసు. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనపడని కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె పక్కన మళ్లీ దొరికిందంటే, దాన్ని పట్టుకుంది ఎవరనుకున్నారు? రాత్రిపూట టార్చిలైటుతో పిట్టలు పట్టే ఒక పల్లెటూరి మనిషి. సైంటిస్టులు వెతుకుతున్నది ఆయన చూపుకు అందింది. పాపం ఆ పిట్ట బతకలేదు, అది వేరే బాధ. కానీ ఆ చూపు ఉందే, అది పిల్లలకు నేర్పండి. చంపడం ఎవరికైనా వస్తుంది.

"మా తాతల నుంచి ఉంది, పండక్కి వేటకు పోతాం" అంటారు కొందరు. మన వైపు వేట పేరు మీద జరిగే పెద్ద పండగ అహోబిలం పారువేట. కనుమ రోజు మొదలై దాదాపు 40 రోజులు నరసింహస్వామి పల్లకీ ఊరూరా తిరుగుతుంది, తన పెళ్లికి జనాన్ని పిలుచుకుంటూ. పిల్లలకు పారువేట చూపించాలంటే ఆ పల్లకీ వెంట నడిపించండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది జింక, నెమలి అయితేనే కేసు అనుకుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును కొట్టినా నేరమే. చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు పెట్టినా, తరిమినా, ఎర వేసినా, పట్టుకోవాలని ప్రయత్నం చేసినా వేట కిందికే వస్తుంది. అభయారణ్యంలో అయితే కనీసం 3 ఏళ్లు, 7 ఏళ్ల దాకా జైలు. పిల్లోడి ముందర తండ్రికి బేడీలు పడే రోజు ఎవరికీ రాకూడదు. ఇంకో మాట. చీకట్లో చేలల్లో తిరిగేటప్పుడు అడవి పందుల కోసం లాగిన కరెంటు తీగ కనపడదు. దానికి తగిలి మనుషులు చచ్చిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అలాంటి చోటికి రాత్రిపూట ఎనిమిదేళ్ల బిడ్డను ఎట్లా తీసుకుపోతారు?

ఇప్పుడు చోటు చెప్తాను. రిజర్వు ఫారెస్టులోకి పోవాల్సిన అవసరమే లేదు. మీ ఊరి చివర గుట్టకూ, చెనిక్కాయ చేనుకూ మధ్య గడ్డి, కంపచెట్లు ఉన్న బీడు చూసుకోండి. పక్కనే వంక ఉంటే ఇంకా మంచిది. చలికాలంలో తెల్లారకముందే చేరుకోండి. పిల్లల కాళ్లకు బూట్లు తప్పనిసరి, పాములుంటాయి. గొర్రెల కాపరి కనిపిస్తే ముందు ఆయన్ను అడగండి, ఏ పొద కింద ఏముందో ఆయన చెప్పినంతగా ఇంకెవరూ చెప్పలేరు.

వంక ఇసుకలో అడుగులు వెతకమనండి. కుందేలు దూకినప్పుడు వెనక కాళ్లు ముందు కాళ్లను దాటి పడతాయి. అందుకే పక్కపక్కన ఉన్న రెండు పొడుగాటి గుర్తులు ముందర, ఒకదాని వెనక ఒకటి రెండు చిన్న గుర్తులు వెనక ఉంటాయి. అది ఎటు పోయిందో పిల్లలు మొదట తప్పు చెప్తారు, తర్వాత వాళ్లంతట వాళ్లే సరిచేసుకుంటారు. ఆ క్షణం వాళ్ల మొహం చూడాలి! బొక్కల కోసం మాత్రం వెతకొద్దు. బొక్క తవ్వేది ఇళ్లల్లో పెంచే తెల్ల కుందేలు జాతి. మన చెవులపిల్లి, అంటే మన బీళ్లల్లో తిరిగే అడవి కుందేలు, బొక్క తవ్వదు, గడ్డి పొద కింద తన ఒంటికి సరిపడా నేలను అణచుకుని పడుకుంటుంది. అప్పుడే లేచిపోయిందంటే అక్కడ చెయ్యి పెడితే మట్టి వెచ్చగా తగులుతుంది. పారిపోయేటప్పుడు చూడండి, మెడ వెనక నల్లటి మచ్చ కనపడుతుంది. ఎక్కడైనా కూన ఒంటరిగా కనిపిస్తే ఎత్తుకు రావద్దు. అది పుట్టడమే బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడుతుంది. తల్లి రోజంతా పక్కన కూర్చోదు, వచ్చి పాలిచ్చి పోతుంది. జాలిపడి ఇంటికి తెచ్చారంటే దాన్ని చంపినట్టే.

ఉడుతలకైతే అంత దూరం కూడా పోనక్కర్లేదు. వేపచెట్టు చాలు. పిల్లల్ని సంబరపెట్టాలంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు తీసుకుపోండి. 5 ఎకరాలకు పైగా పరుచుకున్న ఒక్క చెట్టు, 1989లో గిన్నిస్‌కు ఎక్కింది. ఒక ఊడ కింద కదలకుండా కూర్చోవాలి. ఉడుత తోక ఎగరేస్తూ ఆపకుండా కిచకిచ అరుస్తుందంటే కింద పిల్లో పామో, పైన డేగో ఉన్నట్టు. అదేంటో కనిపెట్టమనండి. చేతిలో పంగలకర్ర ఉన్న పిల్లోడు ఉడుతను చూస్తాడు గానీ ఆ అరుపు వినడు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది బీళ్ల సంగతి. కాగితాల మీద అవి పనికిరాని భూములు. కర్నూలు వైపు పాణ్యం, గడివేముల మండలాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వేల ఎకరాల్లో వచ్చింది. కరెంటు కావాలి, కాదనను. కానీ గడ్డినేలను పనికిరానిదని రాసుకున్నాక అక్కడ పెరిగే బట్టమేక పిట్ట గురించీ, గుంటనక్క గురించీ అడిగేవాళ్లు ఉండరు. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు కనిపిస్తాయి, ఆ పిట్ట మాత్రం కరువైపోయింది. మిగిలిన కాస్త బీడులో మిగిలిన నాలుగు కుందేళ్లను మనం లైట్లు వేసుకుని కొట్టుకొస్తున్నాం. మొలకలు కొరుకుతాయి అంటారు, నిజమే, కొరుకుతాయి. కానీ కుందేలు దొరకని తోడేలు ఎవరి గొర్రెల మీద పడుతుందో కాపరిని అడగండి.

ఈ సంక్రాంతికి పిల్లలతో వస్తామంటే నేను రెడీ, తెల్లవారుజామునే వెంట వస్తాను. ఉచ్చులు, లైట్లు, కుక్కలు పట్టుకుని వచ్చేవాళ్లకు మాత్రం చోటు చెప్పను. ఎంత దగ్గరవాళ్లయినా సరే.